నీరటికి మేర ఎవరు కొలుస్తారు?

దేశంలో జీవశాస్త్ర పరిశోధనకు నిధులు మంజూరు చేసే సంస్థల అధిపతులకు, వారి తరఫున మా దరఖాస్తులు చదివి మార్కులు వేసే నిపుణుల సంఘాల గౌరవ సభ్యులకు,



“ఇందులో కొత్తేముందండీ?” మొన్న ఒక నిపుణుల సంఘం ముందు కూర్చున్నప్పుడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆఖరి ప్రశ్న కూడా ఇదే. పదకొండేళ్లుగా నడుస్తున్న ఒక చిన్న వెబ్ సర్వర్‌ని మరో మూడేళ్లు నడపడానికి ఒక మనిషి జీతం, ఒక యంత్రం ఖర్చు అడిగాను. కంది, శనగ, మినుము లాంటి పప్పుధాన్యాల జన్యుక్రమాల్లో కొత్త వంగడాల పనికి అక్కరకొచ్చే గుర్తులు వెతికిపెట్టే సాధనం అది. పెద్దదేం కాదు. రోజూ ఎవరో ఒకరు వాడతారు, అంతే. “బానే ఉంది కానీ, మెయింటెనెన్స్ పరిశోధన కిందికి రాదు. ఏదైనా కొత్త అల్గారిథమ్‌తో రండి, చూద్దాం” అన్నారు. ఆ సంఘం ఎవరిదో రాయను. రాసి లాభం లేదు. ఆ మాట ఒక్క సంఘానిది కాదు, మీ దరఖాస్తు ఫారాల్లోనే ఉంది. కొత్తదనానికి ఒక గడి ఉంటుంది, దానికి మార్కులుంటాయి. ఇప్పటికే ఉన్నదాన్ని ఎంతమంది వాడుతున్నారో రాయడానికి గడి ఉండదు.

అదే నెలలో మా పక్క ల్యాబ్‌లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కి ఏఎంసీ, అంటే ఏడాది పొడవునా బాగోగులు చూసే ఒప్పందం, మంజూరైంది. సంతోషం. ఏసీలకు ఏఎంసీ ఉంది, జనరేటర్‌కి ఉంది, లిఫ్టుకి ఉంది. వీటిలో కొత్తేముందని ఎవరూ అడగలేదు. ఫ్రీజర్ ఆగితే నమూనాలు కుళ్లిపోతాయని మీకు తెలుసు. ప్రోగ్రాం ఆగితే ఏం కుళ్లుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

“ప్రోగ్రాం ఏమైనా ఇనుమా, తుప్పు పట్టడానికి?” అన్నారు ఒక పెద్దాయన, నవ్వుతూనే. పడుతుందండీ. అది కదలకుండా కూర్చున్నా దాని కింద నేల కదులుతుంది. పైథాన్ 2 భాషకు 2020 జనవరి 1తో కాలం చెల్లింది. అందులో రాసుకున్న సాధనాలన్నిటినీ ఎవరో ఒకరు కూర్చుని ఒక్కో వరసా చూసుకుంటూ పైథాన్ 3లోకి మార్చాల్సి వచ్చింది. బ్రౌజర్లు జావా యాప్లెట్లను వదిలేశాయి. ప్రోటీన్ ఆకారాన్ని తెర మీద తిప్పి చూపించే పేజీలు ఎన్నో ఉత్త బూడిదరంగు పెట్టెలుగా మిగిలాయి. ప్రోటీన్ నిర్మాణాలు దాచే పాత పీడీబీ ఫైల్లో 99,999కి మించి పరమాణువులు పట్టవు. రైబోజోమ్ లాంటి భారీ నిర్మాణాలు వచ్చిపడ్డాక ఆ ఇరుకు చాలలేదు, 2019 నుంచి స్ఫటిక నిర్మాణాలు సమర్పించాలంటే ఎంఎంసిఐఎఫ్ అనే రూపం తప్పనిసరి అయింది. మానవ జన్యుక్రమానికి 2009 నాటి కూర్పు ఒకటుంది, 2013 నాటిది ఒకటుంది. ఒకే జన్యుమార్పుకి రెండింటిలో రెండు స్థానసంఖ్యలు. పాత సంఖ్య పట్టుకుని కొత్త కూర్పులో వెతికితే చాలాసార్లు ప్రోగ్రాం తప్పని చెప్పదు, ఇంకెక్కడిదో అక్షరం తెచ్చి ధీమాగా చూపిస్తుంది. ఆ రిపోర్టు పట్టుకుని ఒక తల్లి డాక్టర్ గది బయట కూర్చుని ఉంటుంది.

ఇవన్నీ కనిపెట్టుకుని ఉండే మనిషికి మీ ఫారాల్లో పేరు లేదు. మా పల్లెల్లో ఉంది.

తెలంగాణలో నీరటి అంటారు, కొన్నిచోట్ల నీరుకట్టి. చెరువు తవ్వించినవాడు కాదు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో, కట్టలో ఎక్కడ ఎలుక బొక్క పడిందో, అలుగు ఎంత ఎత్తున పారుతోందో చూసేవాడు. నడిరాత్రి గాలివాన వస్తే ఊరు దుప్పటి ముసుగేసుకుంటుంది, నీరటి కట్ట మీదికి పోతాడు. కోతలయ్యాక కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు అతని మేర తీసిపెట్టాకే మిగతాది బండికెక్కేది. ఆ ఏర్పాటులో కులం ఉంది, వెట్టి ఉంది. దాన్ని అందంగా చూపించాలని నాకు లేదు. నేను చెప్పేది లెక్క సంగతి ఒక్కటే. చెరువు కింద పండిన ప్రతి పంటలోనూ చెరువును చూసుకునే మనిషికి వాటా ఉండేది. ఆ వాటా పోయాక చెరువులు ఏమయ్యాయో మనందరికీ తెలుసు. 2015లో మిషన్ కాకతీయ అని పేరు పెట్టి ప్రభుత్వమే పూడిక తీయాల్సి వచ్చింది.

మీరు చెరువులు తవ్విస్తున్నారు, కాదనను. 1980ల్లోనే, చాలా దేశాలకు ఈ ఊహ రాని రోజుల్లో, బయోటెక్నాలజీ విభాగం దేశమంతా జీవశాస్త్ర సమాచార కేంద్రాలు పెట్టింది. ఫరీదాబాద్‌లో 2022 నవంబరులో భారతీయ జీవశాస్త్ర సమాచార కేంద్రం మొదలైంది. 2025 జనవరిలో జీనోమ్ ఇండియా 10,000 మంది జన్యుక్రమాల సమాచారాన్ని పరిశోధకులకు తెరిచింది. ఇవన్నీ జరిగినందుకు నాకు గర్వమే. కానీ ఒక్క ప్రశ్న. గడిచిన ముప్పై ఐదేళ్లకు పైగా మీ డబ్బుతో తయారైన సాధనాల్లో, డేటాబేసుల్లో ఈ ఉదయం తెరుచుకునేవి ఎన్ని? మీ దగ్గర ఆ జాబితా ఉందా? ప్రాజెక్టు ముగిశాక యూటిలైజేషన్ సర్టిఫికెట్‌లో పైసాతో సహా లెక్క అడుగుతారే, ఆ డబ్బుతో పుట్టిన వస్తువు బతికుందో లేదో మరుసటి ఏడాది ఒక్కరైనా అడిగారా?

పనిముట్ల విలువ మీకు తెలియదని కాదు. వాడేటప్పుడు తెలుస్తుంది, మార్కులు వేసేటప్పుడు మరిచిపోతారు. శాస్త్రవేత్తలు అత్యధికంగా ఉదహరించిన వంద పత్రాల జాబితాను 2014లో నేచర్ పత్రిక ప్రకటించింది. అందులో డీఎన్‌ఏ జంటమెలిక నిర్మాణం పత్రానికి చోటు లేదు. పదో స్థానంలో క్లస్టల్ డబ్ల్యూ ఉంది: జన్యుక్రమాలను ఒకదాని కింద ఒకటి పేర్చి పోలికలు చూపించే ప్రోగ్రాం. పన్నెండో స్థానంలో బ్లాస్ట్. 1990లో ఆల్ట్‌షుల్, గిష్, మిల్లర్, మయర్స్, లిప్‌మన్ అనే అయిదుగురు రాసిన ఆ పత్రంలోని ప్రోగ్రాం, తెలియని క్రమం ఒకటి చేతికొస్తే దానికి చుట్టాలెవరో క్షణాల్లో వెతికి చెబుతుంది. మీలో జీవశాస్త్రం చదివిన ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ పెట్టెలో క్రమాన్ని అతికించి బటన్ నొక్కిన వాళ్లే. ఆ బటన్ వెనక 1990 నుంచి ఇప్పటిదాకా జీతం తీసుకుంటూ ఎవరో కూర్చుని ఉన్నారు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయంలో 1988లో ఆ పని కోసమే ఒక కేంద్రం పెట్టి, అందులో ఉద్యోగాలిచ్చి కూర్చోబెట్టారు. మొదటి పత్రం అచ్చయిన మర్నాడు “కొత్తేముంది” అని పంపేసి ఉంటే?

మా తెలుగువాళ్లకు ఈ సంగతి 2021 మేలో బాగా తెలిసొచ్చింది. కర్నూలు వైపు నుంచి ఎన్440కె అనే కరోనా రకం వచ్చిందని, అది మామూలుదాని కంటే పదిహేను రెట్లు ప్రమాదకరమని, దాని పేరే ‘ఏపీ స్ట్రెయిన్’ అని టీవీల్లో మార్మోగిపోయింది. ఢిల్లీ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లు పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉండాలని ఆదేశం కూడా ఇచ్చింది. అప్పుడు హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు వైరస్ జన్యుక్రమాలను పోల్చి చూసి, ఆ రకం అప్పటికే తగ్గుముఖం పట్టిందని, దాన్ని బి.1.617 లాంటి రకాలు పక్కకు నెట్టేస్తున్నాయని తేల్చి చెప్పారు. పుకారుకు లెక్కతో జవాబు దొరికింది. ఆ బి.1.617 అన్న పేరు ఎక్కడిదనుకున్నారు? ఎడిన్‌బరోలోని ఒక బృందం పెట్టిన నామకరణ పద్ధతి అది. ఏ క్రమం ఏ రకానికి చెందిందో చెప్పడానికి పాంగోలిన్ అని ఒక ప్రోగ్రాం రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. వైరస్ మారినప్పుడల్లా దాన్నీ మార్చుకుంటూ పోయారు. ఆ మార్చుకుంటూ పోవడాన్నే మీరు మెయింటెనెన్స్ అంటున్నారు. ఆ ఏడాది మన ప్రాణాలకూ, పరువుకూ అది అవసరమైంది.

ఇంకొక మాట, కాస్త మనసు నొచ్చుకునే మాట. 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ తన సహచరులు రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి ప్రోటీన్ గొలుసు ఏయే కోణాల్లో వంగగలదో, ఏయే కోణాల్లో వంగలేదో లెక్కగట్టి ఒక పటం గీశారు. రామచంద్రన్ ప్లాట్ అని ప్రపంచమంతా పాఠం చెబుతారు, మనం వేదికలెక్కి గర్వంగా చెప్పుకుంటాం. ఇవాళ కొత్త ప్రోటీన్ నిర్మాణం ఏది సమర్పించినా అది ఆ పటంలో సరిగ్గా కూర్చుందో లేదో పరీక్షిస్తారు. ఆ పరీక్ష చేసే సాధనాల్లో అందరి నోటా వినిపించేది మాల్‌ప్రొబిటీ. దాన్ని తయారు చేసి ఏళ్ల తరబడి పోషించింది అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలోని రిచర్డ్‌సన్ ప్రయోగశాల. ఊహ మన మద్రాసుది. ఆ దీపంలో రోజూ నూనె పోసేవాళ్లు మాత్రం నార్త్ కరొలైనాలో ఉన్నారు. మనకు రామచంద్రన్ పేరు మీద పురస్కారాలు ఇవ్వడం వచ్చు. ఆయన పటాన్ని వాడే ప్రోగ్రాం రాసి పదేళ్లు నడిపిన కుర్రాడికి ఒక ఉద్యోగం ఇవ్వడం చేతకాదా?

“ఎవరో నడుపుతున్నారుగా, ఉచితంగా దొరుకుతోందిగా, మనకెందుకు?” అనే జవాబు కూడా విన్నాను. మీలో చాలామంది మనసులో ఉన్న అసలు జవాబు ఇదేనని నా అనుమానం. పక్క ఊరి చెరువు మీద ఆధారపడి నాట్లు వేసుకునే ధైర్యం మీకుందేమో, నాకు లేదు. జపాన్‌లో క్యోటో విశ్వవిద్యాలయం నుంచి 1995లో మొదలైన కెగ్, కణంలో రసాయన చర్యల దారులన్నీ పటాలుగా గీసి చూపించే డేటాబేస్, ప్రభుత్వ నిధులు తగ్గడంతో 2011లో సమాచారాన్ని మొత్తంగా దించుకునే సౌకర్యానికి చందా పెట్టింది. మొక్కల శాస్త్రవేత్తలకు ఓనమాల పలక లాంటి అరబిడాప్సిస్ డేటాబేస్ టెయిర్‌కి అమెరికా సైన్స్ ఫౌండేషన్ నిధులు ఆగిపోతే 2013 నుంచి చందాలతో బతకాల్సి వచ్చింది. అంతకుముందే, 1996లో, ప్రోటీన్ల నిఘంటువు లాంటి స్విస్ ప్రాట్ డబ్బుల్లేక మూతపడే అంచుదాకా వెళ్లింది. ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు గొడవ చేస్తే నిలబడింది, దాన్ని కాపాడుకోవడానికే రెండేళ్లకు స్విట్జర్లాండ్ ఒక సంస్థ పెట్టుకుంది. నిన్నగాక మొన్న 2025లో హార్వర్డ్‌కి ఫెడరల్ గ్రాంట్లు ఆపేసినప్పుడు, 1992 నుంచి నడుస్తున్న పండ్ల ఈగల జన్యు డేటాబేస్ ఫ్లైబేస్ ఉద్యోగులు కూడా రోడ్డున పడ్డారు. అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికా ఆరోగ్య సంస్థ కొన్ని దేశాల పేర్లు రాసి, వాళ్లకు తన నియంత్రిత డేటా నిల్వల తలుపులు మూసేసింది. ఆ జాబితాలో మన పేరు లేదు. లేదు కాబట్టి నిద్రపోదామా?

పైగా ఎంత ఉచితంగా ఇచ్చినా వాళ్ల చెరువులో మన చేప దొరకదు. గుండె కండరానికి చెందిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయే మార్పు ఒకటుంది. దక్షిణాసియా జనాభాలో దాదాపు నాలుగు శాతం మందిలో ఉందని, గుండె జబ్బుకు దారితీస్తుందని 2009లో వెల్లడించిన బృందంలో సీసీఎంబీ వాళ్లున్నారు. యూరప్ జనాభా మీద కట్టిన డేటాబేసును పట్టుకుని కూర్చుంటే ఇది ఎప్పటికి బయటపడేది? ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి ఆపరేషన్ ముందు ఇచ్చే ఒకరకం కండరాలు సడలించే మందు విరగక, ఊపిరి గంటల తరబడి తిరిగి రాదని మన మత్తు డాక్టర్లకు ఎప్పటి నుంచో అనుభవం. దాని వెనకున్న జన్యుమార్పు ఏదో 2006లో అచ్చయింది. మేనరికాలు ఇంకా నడుస్తున్న మన ఇళ్లలో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో! 1,029 మంది భారతీయుల జన్యుక్రమాలతో ఇండిజీనోమ్స్ డేటాబేస్ కట్టారు, మంచిదే. కట్టిన తర్వాత పదో ఏట దాన్ని ఎవరు చూస్తారు, ఏ పద్దు కింద? నిమ్స్‌లోనో, ఉస్మానియాలోనో కూర్చున్న డాక్టర్ ఆ పేజీ తెరిచినప్పుడు అది తెరుచుకోవాలి కదా. తెరుచుకోని పేజీకి గాను ఎవరి సంతకం అడగాలి?

మా వైపు తప్పు లేదనను. మాలోనూ పత్రం కోసం సాధనం రాసేవాళ్లు బోలెడుమంది. పత్రం అచ్చవుతుంది, కుర్రాడికి పీహెచ్‌డీ వస్తుంది, సర్వర్ ఆ పూటే అనాథ. 2003 నుంచి 2009 దాకా అచ్చయిన 927 వెబ్ సేవలను కొందరు వెతికి చూస్తే, పత్రంలో ఇచ్చిన చిరునామాలో దొరికినవి 72 శాతం. ఆ సేవల కర్తలను అడిగితే సగానికి పైగా, 58 శాతం, తమ సాధనాలను పూర్తిగా విద్యార్థులూ శాశ్వత ఉద్యోగం లేని పరిశోధకులే తయారు చేశారన్నారు. ఇది యూరప్, అమెరికాలతో కలిపిన లెక్క. మన దగ్గర ప్రాజెక్ట్ అసోసియేట్ అని పేరు పెట్టి ఏడాది ఏడాదికీ పొడిగిస్తూ, ఫెలోషిప్ ఆర్నెల్లు ఆలస్యంగా వచ్చే పిల్లవాణ్ణి ఆ సర్వర్ బాగోగులకు బాధ్యుణ్ణి చేస్తే ఇంకెలా ఉంటుంది? మా అలసత్వానికి మమ్మల్ని తిట్టండి, పడతాం. కానీ ఆ అలసత్వానికి మార్కులు వేసి పెంచింది మీ గడులే.

ఎవరికి వాళ్లు సొంతంగా రాసుకుంటే ఏమవుతుందో కూడా చూశాం. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థ బృందం ఒకటి 2006-07లో ఏకంగా అయిదు పత్రాలు వెనక్కి తీసుకుంది. ల్యాబ్‌లో వాడుతున్న ఒక చిన్న సొంత ప్రోగ్రాం రెండు వరుసల అంకెలను అటూ ఇటూ మార్చేస్తోంది. ఆ దెబ్బకు ప్రోటీన్ నిర్మాణం అద్దంలో బొమ్మలా తిరగబడింది. కొన్నేళ్ల పాటు వేరే ల్యాబులు ఆ తప్పుడు బొమ్మతోనే కుస్తీ పట్టాయి. నలుగురు చూసే, నలుగురు సరిదిద్దే ప్రోగ్రాం అయ్యుంటే ఇంత దూరం వచ్చేది కాదు. (ఇక ఎక్సెల్ కథ మీకు తెలిసే ఉంటుంది. సెప్ట్2, మార్చ్1 అనే జన్యువుల పేర్లను అది తేదీలనుకుని మార్చేస్తుంది. 2016లో చూస్తే, జన్యువుల జాబితాలు ఎక్సెల్‌లో జతచేసిన పత్రాల్లో దాదాపు అయిదోవంతు ఇలా చెడిపోయి ఉన్నాయి. ఎక్సెల్‌ని మార్చలేక 2020లో మనిషి జన్యువుల పేర్లే మార్చుకున్నారు! నవ్వాలో ఏడవాలో తెలియదు.)

“ఇక అంతా ఏఐ చేస్తుంది” అన్నారు ఆ సంఘంలోనే ఒక యువ సభ్యుడు. 2024 రసాయన శాస్త్ర నోబెల్‌లో సగం ప్రోటీన్ ఆకారాన్ని ఊహించి చెప్పే ఆల్ఫాఫోల్డ్‌కి వచ్చిన మాట నిజమే. అది పాఠం నేర్చుకున్న బడి ఏదండీ? ప్రోటీన్ డేటా బ్యాంక్. 1971లో బ్రూక్‌హేవెన్‌లో ఏడు నిర్మాణాలతో మొదలైంది. చిల్లులు పెట్టిన కార్డుల కాలం నుంచి టేపులు, డిస్కులు, ఇంటర్నెట్ దాకా ప్రతిసారీ మొత్తం సరుకును ఒక గోదాములోంచి మరో గోదాములోకి మోసుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ యాభై ఏళ్లు నడిపారు. ఆ యాభై ఏళ్లలో ఏ ఏడాది దరఖాస్తు తీసుకున్నా అందులో కొత్తేమీ ఉండదు. ఏదో ఒక ఏడాది మీలాంటి సంఘం ముందుకు ఆ ఫైలు వచ్చి ఉంటే ఆల్ఫాఫోల్డ్ చదువుకోవడానికి పలకైనా ఉండేది కాదు.

ఇక రైతు సంగతి. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, మన సాంబ మసూరి, తినడానికి ఎంత బాగుంటుందో ఎండాకు తెగులుకి అంత లొంగేది. సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి తెగులుని తట్టుకునే మూడు జన్యువులను అందులోకి తెచ్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశాయి. బువ్వ రుచి చెడకుండా మూడు జన్యువులూ వచ్చాయో లేదో తరం తరానికీ చూసుకోవాలంటే జన్యు గుర్తులు కావాలి. గుర్తులు కావాలంటే వరి జన్యుక్రమం మీద నమ్మకమైన చిరునామాలు కావాలి. ఇప్పటికీ వరిలో ఒకే జన్యువుకి జపాన్ వాళ్లు పెట్టిన పేరొకటి, అమెరికా వాళ్లు పెట్టిన పేరొకటి. రెండింటినీ కలిపే పట్టిక ఎవరో ఒకరు ఎప్పటికప్పుడు దిద్దుతుండాలి. పటాన్‌చెరు ఇక్రిశాట్ ముందుండి నడిపించి 2011లో కంది జన్యుక్రమాన్ని, 2013లో శనగ జన్యుక్రమాన్ని లోకానికిచ్చింది. ఆ క్రమాల్లోంచి ఒక పరిశోధన కేంద్రంలో వంగడాలు చూసే మనిషికి రేపు పొద్దున కావలసిన నాలుగు గుర్తులు తీసి ఇచ్చే పని మా చిన్న సర్వర్ లాంటివి చేస్తున్నాయి. జన్యుక్రమం విడుదలైన రోజు ఫొటోలు దిగాం. ఆ తర్వాతి పనికి ఫొటోలుండవు, నాకు తెలుసు. డబ్బు కూడా ఉండకూడదా?

నేను అడిగేది పెద్దది కాదు. జీవశాస్త్రానికి మీరిచ్చే ప్రతి గ్రాంటులో పరికరాలకు, రసాయనాలకు, ప్రయాణాలకు పద్దులుంటాయి. సాధనాల మేర అని ఒక పద్దు పెట్టండి. చిన్న భాగమైనా చాలు, కానీ అది మంజూరు అయ్యేది కాదు, కొలిచి ఇచ్చేది కావాలి. మేర అంటే అడుక్కునేది కాదు. మీ సంస్థల్లో సాంకేతిక అధికారి అని శాశ్వత పోస్టులు ఉన్నాయి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ నడిపే మనిషికి ఇస్తారు. అదే హోదాతో పరిశోధన సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని తీసుకోండి, వాళ్లకు పదోన్నతి పత్రాల లెక్కన కాకుండా వాళ్ల సాధనం వాడినవాళ్ల లెక్కన ఇవ్వండి. ఫారంలో కొత్తదనం గడి పక్కన “ఇది ఆగిపోతే ఎవరి పని ఆగుతుంది?” అని ఒక గడి గీయండి. అన్నీ బతకాలని కూడా నేను అనడం లేదు. కొన్ని సాధనాలకు కాలం తీరుతుంది. అలాంటప్పుడు ఆరు నెలలు ముందు చెప్పి, సమాచారాన్ని ఫరీదాబాద్ కేంద్రానికి అప్పగించి, మర్యాదగా మూసే పద్ధతి ఒకటి పెట్టండి. ఇప్పుడు అవి చచ్చిపోయాయని కూడా ఎవరూ చెప్పరు. విద్యార్థి పత్రం చదివి, చిరునామా కొట్టి, తెల్ల తెర చూసి, ఇంటర్నెట్ పాడైందనుకుంటాడు.

మీలో ఎవరికైనా ఇది చిల్లర విషయంగా తోస్తే ఒక్క పని చేయండి. రేపు ఒక్క రోజు, మీ సొంత ల్యాబులో పిల్లలు వాడే సాధనాల పేర్లు ఒక కాగితం మీద రాయమనండి. ప్రతి పేరు పక్కన దాన్ని నడిపే దేశం పేరు, నడపడానికి జీతం ఇచ్చేవారి పేరు రాయమనండి. ఆ కాగితాన్ని వచ్చే సమావేశానికి తెచ్చి బల్ల మీద పెట్టి, ఆ తర్వాత నన్ను అడగండి ఇందులో కొత్తేముందని.

మా సర్వర్ సంగతి చెప్పి ముగిస్తాను. అది రాసిన అబ్బాయి ఇప్పుడు గచ్చిబౌలిలో ఒక కంపెనీలో పని చేస్తున్నాడు. డ్యూటీ అయ్యాక, శని ఆదివారాల్లో, ఇంటి నుంచి లోపలికి వచ్చి చూసి పోతాడు. నిరుడు వానాకాలంలో మా భవనంలో కరెంటు పోయి డిస్కు పాడైతే రాత్రి పదకొండింటికి బండేసుకుని వచ్చాడు. పైసా తీసుకోడు. “మీరేమీ అనుకోకండి సార్, అది నా చేతి పని కదా” అంటాడు. అతనికి కిందటి నెల కూతురు పుట్టింది. ఇక రాత్రిళ్లు రమ్మని నేను అడగలేను, అడగకూడదు.

సర్వర్ ఉన్న డొమైన్ పేరు గడువు మార్చి 31తో తీరిపోతుంది. మీ ఆర్థిక సంవత్సరంతో పాటే. ఏడాదికి అయ్యే ఖర్చు నా జేబులోంచి కట్టగలిగినంతే, కడతాను కూడా. ఏప్రిల్ 1న డిస్కు మళ్లీ పాడైతే ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం మీరే చెప్పాలి.

జవాబు కోసం ఎదురుచూస్తూ,

భవదీయుడు,
మీ గ్రాంట్లతోనే పని నేర్చుకున్న ఒక పరిశోధకుడు
హైదరాబాద్